ఎనిమిది తాళ్ల కల్లు

అక్క పెండ్లికి రెండు రోజుల ముందు మగపెళ్ళివారికి మా ఇంట్లో దావత్ పెట్టారు. నర్మెట్ట దగ్గరి మా ఊళ్ళో అప్పటిదాకా ఏ ఇంటి దావత్‌కైనా కల్లు పోసేది ఒకే మనిషి. అందరం గౌడ్ కాక అనేవాళ్ళం. తెచ్చి దించిపోయే మనిషి కాదతను. ముందుగా చెబితే తాటివనంలో మంచి తాళ్లను ఎంచి, ఆ కల్లు మరొకరికి పోయకుండా ఆపి, కడిగిన కుండల్లో తెచ్చి, వరుసగా కూచున్నవాళ్ళకు తానే వంచి పోసేవాడు. ఎవరికి పులుపు కావాలో, ఎవరికి తీపి కావాలో, ఎవరికి ఇక చాలో అతనికి తెలుసు. చాలినవాళ్ళు ఇంకా ముంత చాపితే, "నిన్ను మోసుకపోను నాతోని గాదు, లే బావా" అని నవ్వించి లేపేవాడు.

లగ్గం ఖాయమైన రోజే బాపు అతనికి దావత్ సంగతి చెప్పాడు. ఆ తర్వాత వరంగల్‌లో కొత్తగా ఉద్యోగం చేస్తున్న అన్న సెలవు పెట్టి వచ్చాడు.

"కుండలేంది, ముంతలేంది? వచ్చేటోళ్ళు పట్నపోళ్ళు. నవ్వుతరు," అన్నాడు. జనగామ నుంచి ఒకాయనను మాట్లాడుకొచ్చాడు. బ్రాందీ, సోడాలు, గాజు గ్లాసులు, ఐసుగడ్డ, చివరికి బల్ల మీద పరిచే తెల్లగుడ్డ కూడా తానే తెచ్చుకొని దావత్‌లలో పోసే మనిషి.

ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి బాపుకు మొహం చెల్లలేదు. పొలానికి సద్ది తీసుకుపోయే దారిలోనే తాటివనం ఉందని, కాకకు ఈసారి రావద్దని చెప్పే పని అన్న నాకు అప్పగించాడు.

ఎవరితోనూ సూటిగా మాట్లాడలేని దాన్ని. ఏం చెప్పాలో నోటుపుస్తకంలో రాసుకున్నాను. నాలుగు వాక్యాలు. దారి పొడుగునా బట్టీ పట్టాను.

కాక చెట్టు మీద ఉన్నాడు. నన్ను చూసి పైనుంచే మొదలుపెట్టాడు.

"ఎవలు, చిన్న బిడ్డెనా? బాపు అడిగిరమ్మన్నడా? ఫికర్ చెయ్యొద్దను. ఎనిమిది తాళ్లు మీకోసమే ఆపిన. ఎవలడిగినా ఇయ్యలె."

"కాకా..."

"గట్టిగ అను బిడ్డా, ఈడికి ఇనబడ్తలేదు."

"ఏం లేదు," అన్నాను.

ఇంటికొచ్చాక అన్న అడిగితే "చెప్పిన" అన్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు ఇంటినిండా చుట్టాలు. నన్నెవరూ బయటికి పంపలేదు. నేనూ అడగలేదు.

దావత్ నాడు మధ్యాహ్నం పందిట్లో తెల్లగుడ్డ బల్ల మీద గ్లాసులు బోర్లించి ఉన్నాయి. జనగామ మనిషి ఐసు పగలగొడుతున్నాడు. అప్పుడే కాక ఉతికిన ధోతి కట్టుకొని, కావడి మీద కుండలతో వాకిట్లోకి వచ్చాడు. బల్లను చూసి ఆగిపోయాడు.

"నిన్ను రావద్దని చెప్పి పంపినం గద గౌడ్?" అన్నాడు అన్న.

నేను తలుపు దగ్గర వేయించిన పల్లీల పళ్లెం పట్టుకొని నిలబడ్డాను. కాక ఒక్కసారి నావైపు చూశాడు.

"చెప్పింది పటేలా. బిడ్డె చెప్పింది. నేనే మర్శిన."

"మర్శినవా? దావత్ అనంగనే పిలువకున్నా ఉర్కొచ్చినవా?"

పెళ్ళివారు నవ్వారు. వాళ్ళలో ఒక ముసలాయన మాత్రం, "గా కల్లు జర ఇటు పోయరాదు, యాడాదాయె తాగక," అన్నాడు. అన్న ఆయన చేతిలో బ్రాందీ గ్లాసు పెట్టాడు. బాపు నేలచూపులు చూస్తున్నాడు. నా నోట్లోంచి ఒక్క మాట వస్తే చాలు. రాలేదు. కాక కావడి ఎత్తుకొని, కుండలు తొణకకుండా, వచ్చిన దారినే పోయాడు.

పెండ్లి అయిపోయింది. కానీ కల్లు మండువ దగ్గర ఆ మాట ఆగలేదు. "పిలువని దావత్‌కు పోయొచ్చిన గౌడ్" అని కుర్రకారు కూడా ఎగతాళి చేస్తున్నారని పొలంలో కూలీలు చెప్పుకుంటుంటే విన్నాను. ముప్పై ఏళ్ళు పిలిపించుకొని పోసిన మనిషి.

వారానికి తాటివనం వైపు పోయాను. కాక కింద కూచొని కత్తి నూరుకుంటున్నాడు. నాకు మాటకంటే ముందు ఏడుపొచ్చింది.

"ఏడ్వకు. ఎందుకు చెప్పలేకపోయినవో నాకెర్కే," అన్నాడు. "ఆడనే నిజం జెప్తె నిన్ను కొడ్తుండె మీ అన్న, అంతమందిల. గందుకే మర్శినని చెప్పిన. గిప్పుడైతే ఎవలూ లేరు గద, మెల్లగ చెప్పు. పిలువకుంట పోయిండన్న మాట ఒక్కటి మీ అన్న నోటితోని తీసెయ్యుమను. ఇంకేం వద్దు నాకు."

"చెప్త కాకా," అన్నాను.

ఆ రాత్రే అన్న వరంగల్ తిరిగిపోవాలి. అన్నం తింటున్నాడు, ఒక్కడే. నేనే వడ్డిస్తున్నాను. పప్పు వేశాను. ఇంకో ముద్ద అన్నం పెట్టాను. "ఏమన్న చెప్పాల్నా? గట్ల నిలబడ్డవు," అని తనే అడిగాడు.

"మజ్జిగ తేవాల్నా?" అన్నాను.