ట్రైలరు దీపాలు వెలిగించిన పెద్దాయన

వైరు చేతిలోకి తీసుకోగానే ఆయన కళ్లు మూసుకునేవారు. నెల్లూరు జిల్లా కోట ఊళ్లో ట్రాక్టర్లకు వైరింగ్ పని చేసే పెద్దాయన.

పంతొమ్మిది వందల అరవైల్లో నేను మిషన్ వారి సంచార ఆసుపత్రిలో నర్సును. వ్యానులో మా వంట, మందుల పెట్టెలు ఉండేవి. రోగి మంచం మాత్రం వెనుక తగిలించిన ట్రైలరులో ఉండేది.

ఒక సాయంత్రం కోట దగ్గరి పల్లెలో, రక్తం పోయి నీరసించిపోతున్న ఒక బాలింతను నెల్లూరు తీసుకుపోవడానికి ఆ మంచం మీద పడుకోబెట్టాం. తీరా చూస్తే ట్రైలరు దీపాలు వెలగలేదు.

"చీకట్లో వెనకమాల లారీ గుద్దితే ఎవురు బతుకుతారు సిస్టరమ్మా?" అని డ్రైవరు కదలనన్నాడు. బల్బులు మార్చి చూశాడు. లాభం లేకపోయింది.

కబురందుకుని పెద్దాయన సైకిలు మీద వచ్చారు. కళ్లు మూసుకుని, మేము నాడి చూసినట్టే వైరు పొడవునా వేళ్లతో తడిమారు.

"కరెంటు వస్తానే ఉండాదమ్మా. తిరిగిపోయే దారే మూసుకుపోయినాది" అన్నారు.

కరెంటు తిరిగి వెళ్లే ఎర్తు వైరు బిగించిన బోల్టు సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టింది. దాన్ని విప్పి, మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించారు. రెండు దీపాలూ ఎర్రగా వెలిగాయి. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆయన చూడనట్టు అటు తిరిగి, "బయల్దేరండి" అన్నారు.

నెల తర్వాత కోటలో ఆయన కనబడితే, తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరారని చెప్పాను. ఆయన చేతిలోని స్పానరు పక్కన పెట్టి, ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయారు.

"ఇన్నాళ్లూ ఎవుర్నన్నా అడగాలంటే బయమేసినాది తల్లీ" అన్నారు.