బొట్టు పెట్టిన కొబ్బరిచిప్ప

పోయిన వారం మా ప్లేస్కూలుకి ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. షోళింగనల్లూరులో ఐటీ ఆఫీసుల వెనక, అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కుని ఉన్న చిన్న బడి మాది. అందులో ఇంకా సరిగ్గా ముక్కు చీదుకోవడం రాని పిల్లలకి నేను టీచర్ని. పెట్టె తెరిస్తే లోపల ఇంకో పెట్టె, దాని లోపల ప్లాస్టిక్ సంచి, ఆ సంచిలో మరో బుల్లి సంచి, చిట్టచివర చింతపిక్కలు. ఒక్కోదానికీ వార్నిష్ పూసి తళతళలాడించారు. వాటి పక్కన అద్దంలా నునుపు చేసిన కొబ్బరిచిప్పలు, అంచులు అరగదీసిన చెక్కముక్కలు, జన్మలో మట్టి ఎరగనట్టున్న గులకరాళ్ళు. పసిపిల్లల చదువుకి ప్రకృతి ఇచ్చిన వస్తువులు అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఒక పిక్క తీసి వాసన చూశాను. కొత్త బీరువా వాసన వచ్చింది. చింతపిక్కలోంచి చింతపండు వాసన పోగొట్టడానికి ఎవరు ఎంత కష్టపడ్డారో పాపం.

వీటిని ఎలా వాడాలో మాకు శిక్షణ కూడా ఇచ్చారు. చదువు కొత్తగా ముగించుకుని వచ్చిన ఒకమ్మాయి, చింతపిక్కని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "వీటితో పిల్లలకి లెక్కలు కూడా నేర్పొచ్చు, తెలుసా?" అంది. మేమంతా ఆశ్చర్యపోయాం. నేను కాస్త ఎక్కువగా ఆశ్చర్యపోయానేమో, ఆ అమ్మాయి నావైపు అనుమానంగా చూసింది. నేను చింతపిక్కల కుప్పలో కూర్చునే అ ఆలు దిద్దానని ఆమెకి తెలియదు కదా.

మాది ఇదే నగరంలో చింతాద్రిపేట. గాలి తిరిగినప్పుడల్లా కూవం నది మురికి వాసన చెప్పాపెట్టకుండా ఇంట్లోకి వచ్చేసే వీధిలో మా తాతది పాత మిద్దె ఇల్లు. కొత్వాల్ చావడి బజారులో ఆయనకి చింతపండు, బెల్లం, ఎండుకొబ్బరి టోకు వ్యాపారం. ఆయన ఒక్కగానొక్క కూతురు, మా మేనత్త కామాక్షి, పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఒక మూల కూర్చుని కన్నీళ్ళు పెట్టుకునే మనిషి కాదు అత్త. వీధిలో బడికెళ్ళే వయసు రాని పిల్లలందర్నీ పోగేసి మా ముందరి గదిలో బడి పెట్టింది. తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు, అందరికీ ఆమె అత్తే. పేరంటాలకీ పెళ్ళిళ్ళకీ ఆమెను ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. ఆ బడి ఒక్కటే ఆమె తనది అని చెప్పుకోగలిగిన చోటు. ఇది నాకు పెద్దయ్యాక అర్థమైంది, అప్పట్లో మాత్రం అత్త మా కోసమే పుట్టిందనుకునేదాన్ని.

తాత కొట్టుకి పనికిరానిదంతా అత్త బడికి పనికొచ్చేది. చింతపండులోంచి తీసేసిన పిక్కలు మాకు అక్షరాలు. నేల మీద అత్త సుద్దతో పెద్ద 'అ' రాస్తే దాని మీద పిక్కలు పేర్చుకుంటూ పోవాలి. చుట్టు పూర్తయ్యేసరికి సగం పిక్కలు జేబుల్లోకి, ఒకటో రెండో ఎవరి ముక్కులోకో చేరేవి. ముక్కులోంచి పిక్క తీయడంలో అత్త చెయ్యి ఎంత తిరిగిందంటే పక్క వీధి పిల్లల్ని కూడా ఎత్తుకుని వచ్చేవాళ్ళు. కొబ్బరిచిప్పలతో ఇసక కొలిచేవాళ్ళం, రెండేసి పట్టుకుని గుర్రాలమై గది చుట్టూ పరిగెత్తేవాళ్ళం. కలర్ సోడా సీసాల మూతలు చదును చేసి దారానికి గుచ్చి మోగిస్తే తాళాలు. ఖాళీ అగ్గిపెట్టెలన్నీ కలిపి కడితే రైలు, అందులో బెల్లం పలుకు వేస్తే కాసేపటికి ప్రయాణికులుగా చీమలు వాటంతట అవే ఎక్కేవి. దీపావళి వానలకి తడిసిన గోనెపట్టాల వాసన, దానికి తోడు చింతపండు పులుపు, బాదమాకులు ఎర్రబడి రాలే రోజుల్లో ఆ ఆకుల పొడి వాసన, ఎండలు ముదిరితే వేపపూల వగరు, వీటన్నిటి మీదా కూవం. ఆ గదిలోకి కళ్ళు మూసుకుని అడుగు పెట్టినా ఏ నెలో చెప్పగలిగేదాన్ని.

మా పుస్తకాలు శుభలేఖలు. పెళ్ళిళ్ళ కాలంలో ఇంటికొచ్చిన కార్డులన్నీ అత్త కత్తిరించి అట్టలకి అంటించేది. దానివల్ల అ ఆలు పూర్తిగా రాకముందే మాకు 'చి.ల.సౌ.' గడగడా వచ్చేసింది. ఊరినుంచి వచ్చిన చుట్టం ఒకాయన, ఏం చదువుకుంటున్నావమ్మా అని అడిగితే, నేను చేతులు కట్టుకుని "బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి" అని అప్పజెప్పానట. ఆయన మూడు రోజులు ఉండిపోయాడు. అంకెలు నేర్చుకున్నది చించేసిన క్యాలెండరు కాగితాల మీద, దాంతో రాహుకాలం కూడా నోటికి వచ్చేసింది. ఆ వేళలో కూడికలు మొదలుపెట్టకూడదని మాలో ఒకడు మహా పట్టుదలగా వాదించేవాడు. అత్త కూడా ఎందుకొచ్చిన గొడవని ఆ సమయానికి కథ అందుకునేది.

తాతకి మాత్రం ఆ గదిని చూస్తే ఒళ్ళు మండేది. బడంటే ఆయన లెక్కలో పలక, పుస్తకం, బెత్తం. ఇవేవీ లేకుండా పిల్లలు నవ్వుతున్నారంటే అక్కడ చదువు జరగడం లేదన్నమాట. ఒక ఏడు ఆయుధపూజకి ఇల్లంతా దులుపుతున్నారు. సున్నాలు వేస్తున్నారు, తక్కెళ్ళూ తూకపు గుండ్లూ చింతపండుతో తోమి వరసగా పేరుస్తున్నారు, వంటింట్లో శనగలు నానుతున్నాయి, బొరుగులు బస్తాతో దిగాయి. మేము సెలవుల్లో ఉన్నాం. తాత ముందరి గదిలోకి వచ్చి, బడి సామానంతా గోనెసంచుల్లోకి ఎత్తించి గడప దగ్గర పెట్టించాడు.

"దీపావళి సరుకు వస్తాది. ఈడ బెల్లం దించాల. ఈ కుప్పంతా పాతసామాన్లోడికి ఎత్తి ఇచ్చేస్తా," అన్నాడు.

"విజయదశమికి కొత్త పిల్లకాయలు వస్తారు నాయనా. వాళ్ళకి ఏం చూపించేది?" అంది అత్త.

"చూపించేదానికి ఏముంది ఆడ? పలకా పుస్తకం ఉంటే బడి. ఇదంతా చెత్తకుప్ప."

అత్త సంచిలోంచి జారి కింద పడిన ఒక కొబ్బరిచిప్పని తీసి కొంగుతో తుడిచి మళ్ళీ సంచిలోనే వేసింది. ఆ రోజు అత్త అన్నం తినకపోవడం చూసి నాకు భయమేసింది. విజయదశమి నాడు పిల్లల్ని బడిలో చేర్చడం మా వైపు ఆనవాయితీ. ఆ రోజు గదిలో బెల్లం దిమ్మలుంటే అత్త బడి ఇక లేనట్టేనని నాకు కూడా తెలిసిపోయింది.

అయితే పాతసామాన్లవాడు పూజ రోజున రాలేదు. అతను తన తక్కెడకి పూజ చేసుకోవాలి కదా. సంచులు గడప దగ్గరే ఉండిపోయాయి. ఇక్కడ మా తాత నియమం ఒకటి చెప్పాలి. ఆయుధపూజలో బొట్టు పెట్టించుకున్న వస్తువుని ఆయన ప్రాణం పోయినా పారెయ్యడు, అమ్మడు, చోటు కూడా మార్చనివ్వడు. ఒక ఏడు ఎవరో పొరపాటున విరిగిన గొడుగుకి బొట్టు పెట్టారు. అప్పటినుంచి అది హాల్లో మేకుకి వేలాడుతూనే ఉంది, ఏటేటా కొత్త బొట్టు పెట్టించుకుంటూ. వెలగని టార్చిలైటుదీ అదే వైభోగం.

మా అవ్వ రోజుకి నాలుగు మాటలకి మించి మాట్లాడేది కాదు. ఆ రోజు సానమీద గంధం ఎప్పటికంటే చాలా ఎక్కువ తీసింది. తాత దేవుడి గదిలో ఉండగా నన్ను పెరట్లోకి పిలిచి, గంధం గిన్నె, కుంకుమ భరిణె నా చేతికిచ్చింది.

"మే, బడి సామాన్లన్నిటికీ బొట్టు పెట్టు. గిన్నెలో కొంచెం కూడా మిగల్చబాక," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను చెప్పిన పని చేసే పిల్లని. బొరుగుల కోసం వచ్చిన బడి పిల్లలు సంచులు విప్పి ఒక్కొక్కటే అందిస్తుంటే, కొబ్బరిచిప్పలకి పెట్టాను, మూతలకి పెట్టాను, రైలుకి పెట్టెపెట్టెకీ పెట్టాను. శుభలేఖల్లో వినాయకుడికి ముందే బొట్టు ఉన్నా ఇంకోటి పెట్టాను. చింతపిక్కలకి ఒక్కోదానికీ పెట్టడం మొదలుపెట్టి, చేతులు నొప్పెట్టి, మిగతావాటి మీద కలిపి గంధం చిలకరించాను. ఆపైన కూడా గిన్నెలో కాస్త మిగిలింది. మిగల్చకూడదు కదా. బడివి ఇంకా ఏమున్నాయా అని చుట్టూ చూశాను. పూజ దగ్గరికి రాకుండా తలుపు వెనక నిలబడి అత్త ఇదంతా చూస్తోంది. వెళ్ళి అత్త కొంగు లాగాను. ఏమిటని వంగింది. మిగిలిన గంధమంతా ఊడ్చి ఆమె నుదుటి మీద పెట్టి, దాని మీద కుంకుమ అద్దాను.

అదే సమయానికి తాత హారతి పళ్ళెంతో గది ముందుకొచ్చాడు. ముందు సంచుల్ని చూశాడు. ఒక చిప్ప తీసి తిరగేశాడు, బొట్టు. అగ్గిపెట్టె చూశాడు, బొట్టు. మొహం ఎర్రబడింది. తల ఎత్తి అత్తని చూశాడు. వీధిలో ఎవరో గుమ్మడికాయ పగలగొట్టారు.

"ఆమెకెందుకు పెట్టినావు?" అన్నాడు మెల్లగా.

"అత్త కూడా బడిదే కదా తాతా," అన్నాను.

అత్త చెయ్యి నుదుటి దాకా లేచింది. తుడుచుకోబోతోందని అందరికీ అర్థమైంది. తాత గొంతు సవరించుకుని, "పూజలో పెట్టింది తియ్యకూడదు," అన్నాడు. హారతి పళ్ళెం సంచుల ముందు తిప్పాడు, అత్త ముందూ తిప్పాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "బెల్లం పైన నా గదిలో దించమని చెప్పు," అని ఎవరితోనూ కానట్టు అరిచాడు.

ఆ దీపావళి దాకా తాత బెల్లం దిమ్మల మధ్యే పడుకున్నాడు. చీమలు ఆయన పంచెలోకి, చెవిలోకి, కళ్ళజోడు పెట్టెలోకి ఎక్కడంటే అక్కడికి ప్రయాణం కట్టాయి. పొద్దున్నే ఒళ్ళు గోక్కుంటూ కిందికి దిగేవాడు కానీ బెల్లం మాత్రం కిందికి దించమనలేదు. విజయదశమికి కొత్త పిల్లలు వచ్చారు. అత్త నుదుట ఆ రోజు కూడా చిన్న గంధపు చుక్క ఉంది, తర్వాత ఎప్పుడూ పోలేదు. ఏటా ఆయుధపూజకి బడి సామానుతో పాటు ఆమెకి బొట్టు పెట్టడం నా పని అయిపోయింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అక్కడ మోటారు సామాన్ల దుకాణాలు వచ్చాయి. కొత్వాల్ చావడి మండీలు కోయంబేడు వెళ్ళిపోయాయి. చింతపండు పిక్క తీసేసి ప్యాకెట్లో వస్తోంది, శుభలేఖలు ఫోన్లో వచ్చి ఫోన్లోనే పోతున్నాయి. 'ఈడ', 'ఆడ' అంటే మా పిల్లలు నవ్వి తమిళంలోకి దిగిపోతారు. ఇల్లు అమ్మేటప్పుడు నేను తెచ్చుకున్నది ఆనాటి కొబ్బరిచిప్ప ఒక్కటే. ఏళ్ళ తరబడి పెట్టిన గంధం దాని మీద పొరలు పొరలుగా ఎండిపోయి ఉంది.

దాన్నీ, నేను పోగేసిన మూతలూ అగ్గిపెట్టెలూ పిక్కలూ అన్నిటినీ ఒక డబ్బాలో బడిలో పెట్టుకున్నాను. కొత్త పెట్టె వచ్చాక మా ప్రిన్సిపాల్, విజయవాడనుంచి వచ్చిన చలాకీ అమ్మాయి, ఆ డబ్బా చూసి, "మేడం, పూజకి క్లీనింగ్ చేస్తున్నాం కదా, ఇది తీసేద్దామండీ. పేరెంట్స్ చూస్తే బాగోదు," అంది. నేను సరేనన్నాను. మా బడిలో పూజ సెలవులకి ముందు రోజే చేసేస్తారు. ఆ పొద్దున అందరికంటే ముందు గంధం గిన్నెతో వెళ్ళాను. ప్రొజెక్టరుకి, వ్యానుకి బొట్లు పెట్టడానికి ఆమె వచ్చేసరికి డబ్బాలో ప్రతి మూతా పూజ చేయించుకుని కూర్చుంది.

"అయ్యో, పూజలో పెట్టేశారా? ఇంకేం చేస్తాం, ఉంచెయ్యండి," అంది, ఒక చామంతి పువ్వు కూడా దాని మీద పెట్టి.

ఆమె వెళ్ళాక చూస్తే గిన్నెలో కాస్త గంధం మిగిలింది. మిగల్చకూడదు. చుట్టూ చూశాను. తలుపు వెనక ఎవరూ లేరు. అత్త పోయి చాలా ఏళ్ళయింది కానీ, ఆ క్షణంలో ఇప్పుడే పోయినట్టు దుఃఖం వచ్చింది. బయట పిల్లలు వ్యాను దిగి గోల చేసుకుంటూ వస్తున్నారు. గిన్నె ఊడ్చి, ఆ గంధం నా నుదుటికే పెట్టుకుని, తరగతిలోకి వెళ్ళాను.