టీవీ లేని టీవీ క్లాసు

నన్ను ఒక చోట కూర్చోబెట్టడం మా అమ్మ వల్లే కాలేదు, ఇంక సర్కారు వల్ల ఏమవుతుంది? ఎనభైల చివర్లో, యూసుఫ్‌గూడ దాటి జూబ్లీహిల్స్ బండలు మొదలయ్యే చోట ఒక సర్కారు బడిలో నేను గంటల లెక్కన పాఠాలు చెప్పేదాన్ని. పదో తరగతి దాటిన పిల్లలకు ఏదో ఒక చేతిపని నేర్పాలని అప్పుడే కొత్తగా ఒకేషనల్ సెక్షన్లు పెడుతున్నారు. మా బడికి రేడియో, టీవీ రిపేరు వచ్చింది. రెండేళ్ళ కోర్సు. కోర్సు మంజూరైంది, షెడ్డు కట్టారు, షెడ్డు గోడ మీద నీలం రంగుతో కోర్సు పేరు కూడా రాయించారు. టీవీ మాత్రం రాలేదు.

నేను గుంటూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, మధురానగర్‌లో అక్కావాళ్ళింట్లో ఉంటూ ఈ ఉద్యోగంలో చేరాను. బావ సినిమాల్లో ఆర్ట్ డిపార్టుమెంటులో పనిచేసేవాడు. సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు నుంచి సామాను సర్దుకుని ఇటు వస్తున్న రోజులవి. పైన ఫిల్మ్‌నగర్ వైపు బండలు పేల్చి పునాదులు తీస్తుంటే మా షెడ్డు రేకులు గడగడలాడేవి. పేలుడు చప్పుడు ఆగేదాకా పాఠం ఆపి నిలబడాలి. నాకసలే ఆగడం చేతకాదు.

నా దగ్గరున్నదల్లా నా సొంత మీటరు, ఒక సాల్డరింగ్ ఐరన్, పాత సామాన్ల బజారులో ఏరుకొచ్చిన కొన్ని రేడియోలు. వాటితోనే పిల్లలకు విప్పడం, అతకడం నేర్పాను. టీవీ దగ్గరికి వచ్చేసరికి రంగు చాక్‌పీసులే దిక్కు. నల్లబల్ల మీద పిక్చర్ ట్యూబు గీసి, ఇక్కడ ఇంత కరెంటు, అక్కడ అంత కరెంటు అని చెబుతుంటే నాకే నవ్వొచ్చేది. ఈత పాఠం ఒడ్డున కూర్చుని చెప్పినట్టుండేది. పోనీ మా ఇంట్లో టీవీ తెచ్చి విప్పుదామా అంటే మాకే లేదు. ఆదివారం పొద్దున్నే ఇంటి ఓనరు గారి హాల్లో చాప మీద కూర్చుని చూసేవాళ్ళం. మీ టీవీ ఒకసారి విప్పుకుంటామండీ అని అడిగితే ఇల్లు ఖాళీ చేయమనేవారు.

క్లాసు మొత్తానికీ ఒక్కతే ఆడపిల్ల. రహమత్ నగర్ నుంచి నడిచి వచ్చేది. తండ్రి షూటింగుల్లో లైట్‌మ్యాన్. మేనమామకు ఆ పేటలోనే క్యాసెట్ల దుకాణం ఉండేది. మేనకోడలికి టీవీ రిపేరు వస్తే దుకాణంలో సగం కౌంటరు ఇస్తానన్నాడట. రాకపోతే తల్లితో పాటు షూటింగులకు గిన్నెలు తోమడానికి పోవాలని ఇంట్లో తేల్చి చెప్పేశారట. ఈ సంగతి ఆ పిల్ల ఏడుస్తూ చెప్పలేదు. బస్సు నంబరు చెప్పినట్టు చెప్పింది. చెప్పి, "టీవీ ఎప్పుడొస్తది మేడం?" అంది. అప్పటినుంచి ఎదురుపడ్డప్పుడల్లా ఆ కళ్ళలో అదే ప్రశ్న. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదంటే నమ్మండి.

టీవీ ఎప్పుడొస్తుందో కనుక్కోవడానికి కాళ్ళరిగేలా తిరిగాను. సామానుకు సగం డబ్బు ఢిల్లీ ఇవ్వాలి, సగం రాష్ట్రం ఇవ్వాలి. వాళ్ళిస్తే వీళ్ళివ్వరు. ఇద్దరూ ఇచ్చేసరికి మార్చి నెల దాటిపోతుంది. మార్చి దాటితే ఆ డబ్బు వెనక్కి పోయి, కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఆఫీసులో గుమాస్తాలు నన్ను చూడగానే టీకి లేచిపోయేవారు. నేనూ వాళ్ళ వెనకాలే టీ బండి దాకా వెళ్ళేదాన్ని. ఈవిడతో పడలేక చస్తున్నాం అని ఒకాయన నా ముందే అన్నాడు. పడండి మరి, టీవీ ఇస్తే రాను కదా అన్నాను.

రెండో ఏడాది మొదట్లో ఒక రోజు ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు. ఈ ఊరి మనిషే, మంచివాడు, భయం మాత్రం జాస్తి. షెడ్డు చూడటానికి పైనుంచి ఆఫీసరు వస్తున్నారని ఫోనొచ్చిందట. ఎందుకు వస్తున్నారని నేనడిగితే, ఎందుకేముంది, మూసెయ్యడానికే అన్నారు. పొరుగు జిల్లాలో ఎక్కడో సామాను లేని సెక్షన్ ఎత్తేశారని ఆయన ఎవరి దగ్గరో విన్నారు. మధ్యలో సెక్షన్ ఎత్తేస్తే పిల్లలను ఇంకే కోర్సులోనూ చేర్చుకోరు, మొదటి ఏడాది చదువు గంగలో కలిసిపోతుంది. ఆ మాట వినగానే నాకు ఆ పిల్లే గుర్తొచ్చింది.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి, "మేడం, మీ బావగారు సినిమాలల్ల సెట్టింగులు ఏస్తరు గద. మన షెడ్డుకు గూడ జర ఒకటి ఏపిస్తరా?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేం పనండీ, ఉన్నమాట చెప్పి సామాను అడుగుదాం అన్నాను. ఉన్నమాట చెబితే ఉన్న షెడ్డు కూడా పోతుందని ఆయన వాదన. అరగంట వాదించుకున్నాం. చివరికి పిల్లల గతేంటని ఆయన ఒక్క మాట అడిగేసరికి, బావకు చెబుతానని లేచాను. ఆ అరగంటలో మా ఇద్దరికీ తట్టనిదల్లా, ఆ ఆఫీసరుకే ఫోను చేసి ఎందుకొస్తున్నారని అడగడం.

బావ సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, "ఏమోయ్ మరదలా, సినిమావాళ్ళవన్నీ అబద్ధాలే అంటావుగా. సర్కారువాళ్ళకి మాత్రం సెట్టు కావాలా?" అన్నాడు. ఆ వారమంతా అన్నం దగ్గర అదే వెక్కిరింపు. అక్క గరిటెతో బెదిరిస్తే గానీ ఆపేవాడు కాదు. అయినా మాట తీసెయ్యలేదు. షూటింగులకు సామాను అద్దెకిచ్చే చోట తనకున్న పరపతి వాడి ఒక వ్యాను నిండా వేయించుకొచ్చాడు.

ఏం వచ్చిందని చెప్పను! టీవీలు వచ్చాయి, కానీ లోపల ఏమీ లేదు. ఫైటింగులో హీరో ఎత్తి విసరాలి కదా, అందుకని డొల్ల చేసి పెడతారట. అట్ట మీద రంగు వేసిన మీటర్లు వచ్చాయి. అన్నిటికంటే పెద్దది, ఏదో విలన్ గుహలో వాడిన కంట్రోల్ బోర్డు. గోడంత ఉంది. స్విచ్ వేస్తే ఎర్రబుడ్లు, పచ్చబుడ్లు ఒకదాని వెనక ఒకటి వెలిగి ఆరుతుంటాయి. దానివల్ల లోకంలో ఏ పనీ జరగదు. బావ వచ్చి షెడ్డంతా సర్ది, టేబుళ్ళ మీద వైర్లు వేలాడదీసి, వెనక్కి నడిచి ఒక కన్ను మూసి చూసుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నేను చదివిన కాలేజీ లాబు కూడా అంత బాగా లేదు. పిల్లలు నవ్వాపుకోలేక చస్తున్నారు. ఆ పిల్ల మాత్రం ఒక డొల్ల టీవీ వెనక్కి వెళ్ళి తొంగిచూసి, వచ్చి తన చోట నిలబడింది. నాకు ఆ మొహం చూడబుద్ధి కాలేదు.

ఆఫీసరు గారు వచ్చారు. నెరిసిన జుట్టు, చేతిలో గొడుగు, మర్యాదస్థుడు. ఎర్రబుడ్లు, పచ్చబుడ్లు చూసి అక్కడే ఆగిపోయారు. ప్రిన్సిపాల్ గారు ఏవేవో చెబుతున్నారు, నేను పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. ఎక్కడ ఏ అట్టమీటరు తిప్పుతారోనని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నాం. ఆయన ఏదీ తిప్పలేదు. రాష్ట్రమంతా తిరుగుతున్నాను, ఇలాంటి లాబు ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నారు. తర్వాత బ్యాగు తెరుస్తూ తాపీగా అసలు సంగతి చెప్పారు. ఈ ఏడాది సామానుకు డబ్బొచ్చిందట. అసలేమీ లేని బళ్ళు ఏవో చూసి, వాటికి ముందు ఇద్దామని తిరుగుతున్నారట. ఆ జాబితాలో మొదటిది మా బడేనట.

"మీకు అన్నీ ఉన్నాయి కదమ్మా. మీ వంతు లేనివాళ్ళకి ఇచ్చేద్దాం, ఏమంటారు?" అని నన్నే అడిగారు.

ఏమంటాను? నోరు తెరిస్తే మోసం చేశారని సెక్షన్ పోతుంది, మూసుకుంటే సామాను పోతుంది. తమరి ఇష్టం సార్ అని ప్రిన్సిపాల్ గారే అన్నారు. వెనకాల బుడ్లు వెలుగుతూ ఆరుతూనే ఉన్నాయి. ఆఫీసరు గారు వెళ్ళిన మరుక్షణం నేను వెళ్ళి ఆ బోర్డు ప్లగ్గు పీకి పారేశాను. ప్రిన్సిపాల్ గారు రెండు వారాలు నాకు ఎదురుపడలేదు. పడితే ఏం చేసేదాన్నో నాకే తెలీదు.

ఆ ఏడాదంతా మళ్ళీ తిరిగాను. తప్పు జరిగిందని ఎలా చెప్పాలో తెలీక, ఇంకొక్క టీవీ అదనంగా ఇప్పించండి అని అడుక్కున్నాను. అన్నీ ఉన్నవాళ్ళు ఇంకా కావాలంటారేం అని కసిరారు. అలాగే పరీక్షలొచ్చాయి. ప్రాక్టికల్స్‌కు సెంటరు ఎక్కడ వేశారనుకున్నారు? మా సామాను వెళ్ళిన బడిలోనే.

పిల్లలను వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి వెళ్ళాను. పోనీలే, పరీక్ష రోజైనా ముట్టుకుంటారు కదా అని ఆశ. అక్కడ లాబు గదిలో చెక్కపెట్టెలు గోడవారగా పేర్చి ఉన్నాయి. ఒక్కటీ తెరవలేదు. వాళ్ళకు సామానైతే వచ్చింది గానీ, చెప్పే టీచరును ఇంకా వెయ్యలేదట. టీచరు లేకుండా తెరిస్తే, ఏదన్నా పోతే ఎవరు జవాబుదారీ అని అక్కడి హెడ్మాస్టరు అడిగారు. నేనున్నాను, నేను తెరుస్తాను, నేనే జవాబు చెప్పుకుంటాను అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. మీరు మా బడి మనిషి కారు కదా అన్నారు. నా గొంతు వరండా చివరిదాకా వినిపించే ఉంటుంది, ఇంకో క్లాసు టీచర్లు బయటికొచ్చి చూశారు. పరీక్ష పెట్టడానికి వచ్చినాయన పాపం పెద్దమనిషి. నన్ను పక్కకు తీసుకెళ్ళి, పిల్లల ముందు వద్దమ్మా అని, బొమ్మలు గీయించి మార్కులు వేసేశారు. ఆ పిల్లకు వచ్చిన ప్రశ్న, తెర మధ్యలో ఒకటే తెల్లటి అడ్డగీత కనిపిస్తే లోపం ఎక్కడుంటుంది అని. చక్కగా గీసింది. ఫస్ట్ క్లాసులో పాసైంది. నాకు సంతోషం వేయలేదు.

వేసవి ఎండల్లో ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మా గుమ్మంలో వచ్చి నిలబడింది. పరుగెత్తుకొచ్చినట్టుంది, మొహమంతా చెమట. లోపలికి రమ్మంటే రాలేదు.

"దుకాణంలకు టీవీ ఒచ్చింది మేడం. మామ గిరాకిని కూసోబెట్టి, బాగుచెయ్ అంటుండు. మందు తెస్తనని జెప్పి ఉరికొచ్చిన. నాకు విప్పుడే రాదు మేడం" అంది.

సాల్డరింగ్‌కు వాడే మైనం లాంటి ముద్దను మేం మందు అనేవాళ్ళం. అది చేతికిచ్చి, చెప్పులేసుకుని బయల్దేరాను. దారిలో ఏం చేయాలో నాకు తోచలేదు. నేను విప్పితే టీవీ బాగవుతుంది, కౌంటరు పోతుంది. చేతకాక టీచరమ్మను పిలుచుకొచ్చిందంటారు. అందుకని తనను ముందు పంపి, కాస్త వెనకగా వెళ్ళి, క్యాసెట్లు చూసే నెపంతో బల్ల మీద కూర్చున్నాను. మేనమామ నన్నెప్పుడూ చూడలేదు. నా చేతులు ఊరుకుంటేనా, ఒకదాన్నొకటి పట్టుకుని ఒళ్ళో అదిమిపెట్టుకున్నాను.

ఆ పిల్ల స్విచ్ వేసింది. తెర మధ్యలో ఒకటే తెల్లటి అడ్డగీత. పరీక్షలో అడిగిన గీతే. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, వెనక మూత స్క్రూలు విప్పింది. లోపలికి చూసి అలాగే ఉండిపోయింది. నిజం టీవీ లోపల ఎలా ఉంటుందో చూడటం అదే మొదలు. తర్వాత ఒక వైరు తీసుకుని ఒక కొస చట్రానికి, ఇంకో కొస స్క్రూడ్రైవరుకు చుట్టి, ట్యూబు మీది రబ్బరు టోపీ కిందికి మెల్లగా పోనిచ్చింది. టప్‌మని నిప్పురవ్వ ఎగిరింది. గిరాకీ లేచి నిలబడ్డాడు. మేనమామ, "ఏందే గది?" అన్నాడు.

"బంద్ జేసినంక గూడ అండ్ల కరెంటు ఉంటది మామా. దించిన. ఇగ ఏం గాదు."

ఆ తర్వాత నా వైపు చూడలేదు. అడ్డగీత వచ్చిందంటే ఏ మూల వెతకాలో తనకు తెలుసు. అక్కడే ఒకచోట అతుకు పగిలి ఉంది. మందు రాసి, ఐరన్ వేడిచేసి, మళ్ళీ అతికింది. రేడియోల మీద వంద సార్లు చేసిన పనే. మూత పెట్టకుండానే స్విచ్ వేసింది. ఆ గీత పైకీ కిందకీ సాగి, తెర నిండా బొమ్మ పరుచుకుంది. వార్తలు చదివే ఆవిడ మొహం. మేనమామ కౌంటరు మీది క్యాసెట్ల పెట్టెలు రెండు చేతులతో ఎత్తి ఒక పక్కకు సర్దడం మొదలుపెట్టాడు.

అప్పుడు ఆ పిల్ల స్క్రూడ్రైవరు కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. నేనెవరో వాళ్ళకు తెలిసిపోతుందన్న భయం కూడా లేదిప్పుడు. మొహంలో సంతోషమైతే ఉంది, కానీ దాని కింద ఇంకేదో ఉంది.

"గింతేనా మేడం?" అంది.

గింతే. ఒక్క టీవీ, ఒక్క మధ్యాహ్నం. రెండేళ్ళు నేను ఆఫీసుల చుట్టూ తిరిగి అడిగింది అదే. ఆ పిల్లకు ఔనని తలూపి బయటికి నడిచాను. దుకాణం ముందు నిలబడి, దారిన పోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా, కోపంతో ఏడ్చేశాను.