వేరును అడగమన్న మేడం

తుర్కపల్లికి కంపెనీ క్యాబ్‌లో వెళ్తుండగా ఫోన్ మోగింది. డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు. "మన బాటనీ మేడం పోయిండ్రట. నిద్రల్నే," అంది. పక్కవాళ్లు ఏమైందని అడిగారు. మేడ్చల్ పోవాలని చెప్పి దిగిపోయాను.

మేడ్చల్‌లో మాకు చెట్లను చూడడం నేర్పిన మనిషి ఆమె. ల్యాబులో బ్లేడుతో వేరునూ కొమ్మనూ పల్చగా కోసి పక్కపక్కన పెట్టేవారు. మైక్రోస్కోప్‌లో కొమ్మ గట్టిగా, సన్నటి రంధ్రాలతో కనిపించేది. వేరులో నీటి గొట్టాలు వెడల్పుగా ఉండేవి, చుట్టూ పిండి దాచుకునే మెత్తటి కణాలు. బొమ్మ గీయడం సులువని మేము కొమ్మ వైపే వంగేవాళ్లం. "కొమ్మ అందరికీ కనబడ్తది బిడ్డా. వేరును మనమే పోయి అడగాలె," అనేవారు స్లైడు మారుస్తూ.

రిటైరయ్యాకా ఆ అలవాటు పోలేదు. శామీర్‌పేట రోడ్డు వెంట నిద్రగన్నేరు చెట్లున్నాయి. పైపుల కోసం అంతకుముందెప్పుడో వాటి పక్కనే, వేర్లు తెగేలా కందకం తవ్వి పూడ్చారు. పోయిన ఎండాకాలం మేడం నన్ను పిలిచి, మొదటి చెట్టు నుంచి వేరు ముక్కా కొమ్మ ముక్కా తెచ్చి వాళ్ల వంటింట్లోనే కోశారు. అయోడిన్ చుక్క వేస్తే, పిండి ఉన్నచోట నల్లబడాలి. కొమ్మ నల్లబడింది. వేరు అట్లాగే ఉంది. ఇంకో ముక్క కోశారు. అదీ అంతే.

"దాచుకున్న తిండి అయిపోయింది, వేరు సచ్చిపోయింది. చెట్టుకింకా తెల్వదు, పూస్తాంది," అన్నారు. టీ పెట్టబోయి, స్టవ్ ముట్టించకుండానే నిలబడిపోయారు.

ఆ చెట్టు కింద ఒకామె టిఫిన్ బండి నడిపేది. "బండి జరుపుకో చెల్లె, గీ చెట్టు నిలబడది," అన్నారు మేడం.

"పచ్చగనే ఉంది గదమ్మా! మస్తు నీడ. యాడికి పోవాలె?"

మేడం రోజూ వెళ్లారు. ఇడ్లీ తిని, అదే మాట చెప్పి వచ్చేవారు. చివరికి ఆమె విసిగిపోయి బండిని రోడ్డు అవతలికి నెట్టుకుంది. ఆ వారంలోనే, ఆకు కూడా కదలని ఒక మధ్యాహ్నం, బండి ఉండిన చోటే చెట్టు కూలింది.

మిగతా చెట్ల వేర్లనూ కోసి చూశారు మేడం. అధికారులకు చెప్పారు. వాళ్లు వచ్చి, తలెత్తి చూసి, వెళ్లిపోయారు.

"అన్నీ గంతే బిడ్డా. ఏది ముందో నాక్కూడ తెల్వది," అన్నారు నాతో. ఆమె గొంతు అంత మెల్లగా ఎప్పుడూ వినలేదు.

మేడం దహనం అయ్యాక శామీర్‌పేట దారినే తిరిగొచ్చాను. చెట్లన్నీ విరగబూసి ఉన్నాయి. ఒకదాని కొమ్మకు చీర ఉయ్యాల, అందులో పసిబిడ్డ. తల్లి పక్కనే కంకర మోస్తోంది. ఆటో ఆపించి, దిగి, ఈ చెట్టు నిలబడదని చెప్పాను. ఆమె వాదించలేదు. బిడ్డను నా చేతికిచ్చి, ముడి విప్పడానికి మునివేళ్ల మీద లేచింది. బరువుకు ముడి బిగుసుకుపోయింది.

గాలి లేదు. ఆమె చేతుల మీద గులాబి రంగు పూలు రాలుతూనే ఉన్నాయి.