ఇనప్పెట్టెలో బ్యాంకు కాగితం, నలభైమూడు పాస్‌పోర్టులు

1990 నాటికి కువైట్‌లో ఒక బిల్డింగ్ కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా నాకు ఆరేళ్ళ సర్వీసు. ఆఫీసు అర్దియాలో, సిమెంటు గోదాముల మధ్య. నా పని బాండ్ల ఫైలు చూసుకోవడం. చేతిలో లైసెన్సు ఉన్నంత మాత్రాన కాంట్రాక్టరుకు ప్రభుత్వం పని ఇవ్వదు, బ్యాంకు పూచీ అడుగుతుంది. ఇతను పని మధ్యలో వదిలేస్తే ఇంత సొమ్ము మేం కడతాం అని బ్యాంకు రాసిచ్చే ఆ కాగితమే పర్ఫార్మెన్స్ బాండ్. బ్యాంకేమీ ధర్మానికి రాసివ్వదు. కమిషన్ లాగుతుంది, పైగా మన డబ్బే కొంత మార్జిన్ పేరుతో బిగబట్టి ఉంచుతుంది. పని పూర్తయ్యాక అసలు కాగితం మళ్ళీ బ్యాంకుకు చేరితేనే ఆ మార్జిన్ వదులుతుంది. అంతవరకూ కొత్త పనికి కొత్త బాండ్ దొరకదు.

సబా అల్ సలేంలో మేం కట్టిన స్కూలు తాలూకు బాండ్ ఆగస్టు ఒకటిన, బుధవారం, నా చేతికి తిరిగొచ్చింది. అప్పటికి బ్యాంకు కౌంటరు మూసేశారు. ఆ ఎండలో మర్నాడు మళ్ళీ ఎవరు పోతారు, శుక్రవారం సెలవు, శనివారం చూద్దాంలే అని బద్ధకించి ఇనప్పెట్టెలో పెట్టాను. అదే పెట్టెలో మా పనివాళ్ళ పాస్‌పోర్టులు నలభైమూడు, రబ్బరు బ్యాండ్లు వేసి ఉండేవి. పనివాళ్ళ పాస్‌పోర్టులు వీసా ఇప్పించే యజమాని, అంటే కఫీల్ దగ్గర ఉండటం అక్కడి ఆనవాయితీ. మా కఫీల్ అబూ ఫహద్ వేసవికి బయటదేశం పోతూ తాళంచెవి నాకిచ్చాడు. "కాగితం పోతే కంపెనీ ఖలాస్" అని రెండుసార్లు చెప్పి మరీ విమానం ఎక్కాడు.

గురువారం తెల్లారేసరికి వీధిలో ఇరాక్ ట్యాంకులు.

రెండు వారాలు మేముండే లేబర్ క్యాంపులో తలుపులు బిగించుకుని రొట్టెముక్కలతో గడిపాం. బయట బూటు చప్పుడైతే చాలు, దీపం ఆర్పేసేవాళ్ళం. అప్పుడు కబురొచ్చింది, బాగ్దాదు మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్‌కు బస్సులు పోతున్నాయని. పాస్‌పోర్టు లేనివాణ్ణి సరిహద్దు దాటనివ్వరట. రాయచోటి మేస్త్రీ ఓబులేసు నా మంచం దగ్గరకొచ్చి కూర్చున్నాడు.

"సామీ, తాళంచెవి నీ కాడనే ఉండాది గదా?"

"ఆఫీసులో సైనికులు దిగినారు, ఓబులేసూ."

"దిగితే దిగినారు. ఈడుంటే మాత్రం బతుకుతామా? నేనూ వస్తా పా."

నాకు పోవాలని లేదు. ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గేసింది, అందుకే లేచాను.

ఆఫీసులో మా కుర్చీలు పగలగొట్టి టీ కాచుకుంటున్నారు. నా చేతిలో తాళంచెవి చూసి ఒక సైనికుడు తుపాకీతో ఇనప్పెట్టె చూపించి "యల్లా" అన్నాడు, కానియ్ అని. తాళంచెవి రంధ్రంలో దూరదే! ఓబులేసు నా మణికట్టు పట్టుకుని తిప్పించాడు. తలుపు తెరుచుకోగానే సైనికుడికి ముందు కనబడింది బాండే. దళసరి కాగితం, ఎర్రటి సీలు, వరసగా సున్నాలు.

"ఫులూస్?" అన్నాడు. డబ్బా అని.

కాదని చెబితే పెట్టె అంతా గుల్ల చేస్తాడు, పాస్‌పోర్టులు ఏ మంటలోకి పోతాయో తెలియదు. అవునంటే కాగితం పోతుంది. అది బ్యాంకుకు తప్ప ఇంకెవరికీ చెల్లదని నాకు తెలుసు, అతనికి తెలియదు. తెలిస్తే నన్ను అక్కడే కాల్చేస్తాడు. వెనక ఓబులేసు ఊపిరి వినబడుతోంది.

"అవును, పెద్ద డబ్బు" అన్నాను.

దాన్ని మడిచి చొక్కాలో దోపుకున్నాడు. పాస్‌పోర్టుల కట్టలను బూటుతో మా వైపు తోశాడు. ఖాళీ సిమెంటు సంచిలో నింపుకుని వచ్చేశాం. వాడు వెనక్కి పిలుస్తాడేమోనని క్యాంపు చేరేదాకా తల తిప్పి చూడలేదు.

నలభైమూడు మందీ ఇళ్ళకు చేరారు. యుద్ధం ముగిశాక నేను మళ్ళీ వెళ్తే, అబూ ఫహద్ మొదట అడిగింది ఆ కాగితమే. జరిగింది చెప్పాను. తిట్టలేదు, అలాగని మెచ్చుకోనూ లేదు. అసలు కాగితం పోతే బ్యాంకు ఇండెమ్నిటీ అడుగుతుంది, అంటే రేపు ఏ నష్టమొచ్చినా నాదే బాధ్యత అని యజమాని రాసివ్వాలి. దాంతోపాటు ఈ పనిమీద మాకేమీ రావలసింది లేదని ప్రభుత్వ ఆఫీసు ఇచ్చే లెటరు కావాలి. నెలల తరబడి తిరిగి ఆ మార్జిన్ విడిపించాను. ఆ వారమే కొత్త ఇనప్పెట్టె వచ్చింది. తిరిగి పనికొచ్చిన ఆ నలభైమూడు మంది పాస్‌పోర్టులూ తీసుకుని అందులో పెట్టమన్నాడు అబూ ఫహద్.

మొదట వచ్చింది ఓబులేసే. పాస్‌పోర్టు నా ముందు పెట్టాడు గానీ, దాని మీది చేయి తీయలేదు.

"పోయిన కాగితానికి బ్యాంకుండె, నకలుండె, మీ సేటు సంతకముండె. ఇది పోతే మాకు ఎవురు సామీ పూచీ?"

పాస్‌పోర్టు అతని వైపే జరిపి కంపెనీ కాగితం తీశాను. ఇతను పని వదిలి పారిపోతే నా జీతం జప్తు చేసుకోవచ్చు అని రాసి, అబూ ఫహద్ ముందు పెట్టాను. అతను చదివి తలెత్తాడు.

"మిగతా నలభైరెండు మందికీ నువ్వేనా?"

అంతమందికి పూచీ పడాలంటే భయమేసింది. ఆ భయంతోనే నలభైరెండు కాగితాలు రాశాను; పాస్‌పోర్టుల బదులు అవే కొత్త పెట్టెలోకి పోయాయి. సంతకాలు చేసేటప్పుడు మణికట్టు పట్టుకోవడానికి ఈసారి ఓబులేసు పక్కన లేడు. అప్పటికే తన పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని పనిలోకి వెళ్ళిపోయాడు.