కూకోడానికొచ్చినవాళ్ళు

మా ముత్తాత లక్ష్మీనరసింగరావు గారు ఒక ఎస్టేటుకు దివాను. మా తాత కామేశ్వరరావు గారికి దివానుగిరీ దక్కలేదు గానీ ఆ మర్యాద దక్కింది. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ తగువు వచ్చినా శ్రీకాకుళంలోని మా ఇంటి అరుగు దగ్గరికే వచ్చేది. ఆయన టేకు కుర్చీలో కూర్చుని, రెండు వైపులా విని, ఒక్క మాట చెప్పేవారు. దాంతో తగువు సరి. పొలాలూ తోటా పోయి, ఇంట్లో సగం అద్దెకిచ్చుకున్న నా రోజుల్లోనూ ఆ కుర్చీ అరుగు మీదే ఉండేది. దాంట్లో ఎవరినీ కూర్చోనిచ్చేదాన్ని కాదు.

కరోనా తగ్గి బడులు తెరిచిన మరుసటి ఏడాది, పొందూరు వైపు ఒక ఊరి కేసు నాకు అప్పగించారు. నేను సపోర్ట్ పర్సన్‌ని. అంటే, లైంగిక వేధింపులకు గురైన పిల్లల కేసు కోర్టులో ముగిసేదాకా ఆ బిడ్డకు తోడుండే మనిషిని. పిల్లల రక్షణ చూసే చైల్డ్ వెల్ఫేర్ కమిటీ మమ్మల్ని నియమిస్తుంది. కోర్టు ఎలా ఉంటుందో, అక్కడ ఏమడుగుతారో బిడ్డకు ముందే తెలియజెప్పాలి. చదువు ఆగకుండా చూడాలి. భయపడితే పక్కన కూర్చోవాలి. తీర్పు చెప్పడం మా పని కాదు.

ఆ పాపకు పదకొండేళ్ళు. అసలు పేరు రాయడానికి చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. పైడి అందాం. ఊళ్ళో ట్యూషన్ చెప్పే మాస్టారి మీద కేసు. ఆయన ఊరి పెద్దకు బావమరిది. పైడి తల్లి అప్పలనరసమ్మ నూలు వడికే మనిషి. పైడి జరిగింది తల్లికి చెప్పింది, తల్లి వెంటనే పోలీసులకు చెప్పింది. ఆ తర్వాత పిల్ల బడి మానేసింది, బయటివాళ్ళతో మాట్లాడడమూ మానేసింది. కోర్టులో కూడా నోరు విప్పకపోతే కేసు నిలబడడం కష్టం.

మొదటిరోజు నేను చేసిన తప్పు ఈ వృత్తిలో మరొకరు చేయగలిగింది కాదు. వాళ్ళు వేసిన ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని, గుర్తింపు కార్డు చూపించి, అలవాటుకొద్దీ మా తాతగారి పేరు కూడా చెప్పాను. పెద్దింటి మనిషి వచ్చిందంటే వాళ్ళకు ధైర్యంగా ఉంటుందనుకున్నాను. అప్పలనరసమ్మ గబుక్కున లేచి చేతులు కట్టుకుంది.

"మీరేటి సెప్తే అదే ఇంటామమ్మగోరూ. కేసు ఒగ్గీమంటే ఒగ్గీస్తాం. పిల్లని మాత్తరం ఆడికాడికి మళ్ళీ సదువుకి పంపమనకండి."

నాకు అర్థం కాలేదు. అంతలో తలుపు వెనకనుంచి సన్నటి గొంతు వినిపించింది.

"అమా, ఈ అమ్మగోరు కూడా మనల్నే తగ్గమంటాదేటి?"

అది నేను విన్న పైడి మొదటి మాట. ఆరా తీస్తే సంగతి తెలిసింది. అప్పలనరసమ్మ నాయనమ్మ ఒకప్పుడు మా అరుగు దగ్గరికి న్యాయం అడగడానికి వచ్చిందట. తప్పు చేసినవాడు మోతుబరి. తాతగారు ఆమెనే తగ్గమన్నారు, ఆమె తగ్గింది. మా ఇంట్లో దాన్ని తగువు సరిచేయడం అని చెప్పుకునేవాళ్ళం. వాళ్ళింట్లో ఇంకోలా చెప్పుకున్నారు. నేను తాతగారి పేరెత్తగానే, రాజీ చేయించడానికి వచ్చానని వాళ్ళు నిశ్చయించుకున్నారు.

ఆ రోజు కాదు కాదని ఎంత చెప్పినా అప్పలనరసమ్మ తల ఊపిందే తప్ప నమ్మలేదు.

తర్వాతి వారం కుర్చీ వద్దని, ఆడవాళ్ళు నూలు వడికే షెడ్డులో చాప మీద కూర్చున్నాను. మోకాళ్ళు గగ్గోలు పెట్టాయి. ఆ షెడ్డుకు పెద్దదిక్కు ఎర్నమ్మ, డెబ్బై దాటిన మనిషి. నన్ను ఎగాదిగా చూసింది.

"కూకుంటే ఊరికే కూకోకండమ్మగోరూ. ఇదట్టుకోండి" అని వాలుగ చేప దవడ ఎముక నా చేతిలో పెట్టింది. సన్నటి పళ్ళున్న ఆ ఎముకతోనే అక్కడ పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. నా చేతిలో పత్తి పిచ్చుక గూడులా తయారైంది.

తల్లి వెనక నక్కిన పైడి ఆపుకోలేకపోయింది. "ఓలమ్మో! దువ్వుతన్నారా, పీకుతన్నారా?"

"దివానుగోరి ఇల్లే మరి!" అంది ఎర్నమ్మ. "ఆల తలే ఇంకోలు దువ్వీవోరు. ఆలు పత్తేటి దువ్వుతారు!"

షెడ్డంతా ఘొల్లుమంది. మా వంశాన్ని ఎవరైనా ఎగతాళి చేస్తే నేను అక్కడ నిమిషం ఉండను. కానీ పైడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఉండిపోయాను.

అప్పటినుంచి పైడి నాకు గురువు. "అలా కాదు, ఇలా సూడు" అంటూ చేతి మీద చిన్న దెబ్బ కూడా వేసేది. పత్తి దువ్వుకుంటూనే నేను కోర్టు సంగతులు చెప్పేదాన్ని.

"ఆడు నన్ను సూత్తాడా?" అని ఒకరోజు అడిగింది.

"చూడడు. మధ్యలో తెర ఉంటుంది. అలసిపోతే ఆపమని నువ్వే అడగొచ్చు."

"నువ్వు నా పక్కనుంటావా?"

"ఉంటాను."

"నోరెత్తకుండా?"

"నోరెత్తకుండా."

"అయితే సెప్తాను" అంది, ఏదో బేరం కుదిరినట్టు.

వాంగ్మూలానికి వారం ముందు ఊరి పెద్ద షెడ్డుకు వచ్చాడు. అప్పలనరసమ్మను చూడనైనా చూడకుండా నాకు దండం పెట్టాడు.

"మీ తాతగోరైతే ఒక్క మాటతో తేల్చీసేవోరమ్మగోరూ. ఆడపిల్ల, రేపు పెళ్ళవ్వాల. బావమరిదిని ఊరొదిలి ఎలిపోమంటాను. మీ ఇంట్లో ఆ కుర్చీ ఇంకా ఉన్నాదంట గదా. దాంట్లో కూకోని 'సరి' అనండి, సాలు."

ఎంతో కాలంగా మా ఇంటిని ఎవరూ అలా అడగలేదు. ఆ పిలుపు నాకు తీపిగా తగిలిందని ఒప్పుకోవాలి. అప్పలనరసమ్మ చేతిలో కదురు ఆగిపోయింది. పైడి నా ముఖంలోకే చూస్తోంది.

మా ఇంటివాళ్ళకు నిటారుగా నిలబడడం బాగా వచ్చు. అలాగే లేచి నిలబడ్డాను. "ఈ కేసుల్లో రాజీ అనేది చట్టంలో లేదు. సాక్షి నోరు నొక్కడం మరో నేరం. మీరిప్పుడు అన్నమాట కమిటీకి రాసి పంపుతాను. అక్షరం తప్పులేకుండా ఉండాలి, ఇంకోసారి చెప్పండి."

ఆయన కండువా సర్దుకుని వెనక్కి తిరిగాడు. గుమ్మం దాటుతుంటే ఎర్నమ్మ వెనకనుంచి అంది: "ఇన్నాళ్ళూ మావే తగ్గినాం నాయుడూ. ఇకనుండి నీ వొంతు."

కోర్టు రోజు షెడ్డులో ఒక్క రాట్నమూ తిరగలేదు. టిఫిన్ క్యారియర్లతో, తాంబూలం సంచులతో ఆడవాళ్ళంతా ఆటోల్లో దిగారు. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ బిత్తరపోయాడు.

"ఇంతమందేటి? పెళ్ళికొచ్చారా? లోపలికెవర్నీ రానివ్వరు. మీకేటీ ఇనబడదు."

"మావు ఇనడానికి రానేదు బాబూ" అంది ఎర్నమ్మ. "మా పిల్ల మాటాడతాది. కూకోడానికొచ్చినాం." వరండాలో ఈ చివరినుంచి ఆ చివరిదాకా కూర్చున్నారు.

పిల్లల సాక్ష్యం ఇన్-కెమెరా జరుగుతుంది, అంటే తలుపులు మూసి. లోపలికి వెళ్ళేముందు పైడి వెనక్కి తిరిగి వరసగా అందరినీ చూసుకుంది. లోపల ఒకసారి నీళ్ళు అడిగింది, ఒకసారి ఆపమంది. మిగతాదంతా చెప్పింది. ఏం చెప్పిందో అది ఆమెది, నేను రాయను. నేను మాటిచ్చినట్టే నోరెత్తలేదు.

బయటికి వచ్చి, "అయిపోనాది. ఆకలేస్తన్నాది" అంది. వరండాలో క్యారియర్లన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. ఎవరి ముద్ద ముందు తినాలో తేలక ఆ పిల్ల నవ్వులే నవ్వులు. కానిస్టేబుల్‌కూ ఒక ఆకులో పులిహోర అందింది. నాకు ఎర్నమ్మ తన చేత్తో తినిపించింది. మా ఇంట్లో అలాంటి అలవాటు లేదు. తిన్నాను.

మాస్టారికి శిక్ష పడింది. అంతకన్నా నాకు నచ్చిన సంగతి మరొకటుంది. ఊళ్ళో ట్యూషన్ ఇప్పుడు నూలు షెడ్డులోనే జరుగుతుంది. ఎవరు చెప్పడానికి వచ్చినా, చుట్టూ రాట్నాలు తిరుగుతుండగా, అంతమంది తల్లుల కళ్ళ ముందే చెప్పాలి. ఏ స్పర్శ తప్పో, ఎవరికి చెప్పాలో నెలకోసారి నేను వెళ్ళి పిల్లలందరికీ చెబుతాను. పైడి తొమ్మిదో తరగతి. చిన్నపిల్లలకు లెక్కలు చెబుతుంది, నా పత్తికి ఇంకా వంకలు పెడుతుంది.

బిడ్డ పక్కన కూర్చునేవాళ్ళు ఎందరుంటే ఆ బిడ్డ గొంతు అంత గట్టిగా పలుకుతుందని ఈ కేసులో నేర్చుకున్నాను. ఎక్కడ కూర్చోవాలో కూడా నేర్చుకున్నాను.

పొలాలు తాతగారు అమ్మారు. తోట నాన్నగారు అమ్మారు. కుర్చీ నేను అమ్మాను.