ఫోన్‌కు రెండు చిరునామాలు

మధురానగర్‌లో నేను ఆడపిల్లల హాస్టల్ నడపబట్టి పదకొండేళ్లు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చేసే పిల్లలే ఎక్కువ. మా వైఫై పాస్‌వర్డ్ సందంతా పాకిపోయిందని వైఫై మెకానిక్ ఒక ఏర్పాటు చేశాడు. ప్రతి ఫోన్‌కూ అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసిన ఒక చిరునామా ఉంటుంది. అది రౌటర్‌లోని జాబితాలో ఎక్కిస్తేనే ఆ ఫోన్‌కు నెట్ వస్తుంది. కొత్త పిల్ల చేరినప్పుడల్లా అతనే వచ్చి ఎక్కించేవాడు. పక్కన నిలబడి చూసి చూసి ఆ పని నాకు తెలిసిపోయింది. ముట్టుకునే ధైర్యమే ఉండేది కాదు.

పోయిన వేసవిలో ఒకరోజు, పొద్దున పదింటికి, జగిత్యాల నుంచి వచ్చిన అమ్మాయి పరుగున నా గదికొచ్చింది.

"ఆంటీ, పదకొండింటికి నాకు ఇంటర్వ్యూ ఉంది. పంజాగుట్ట ఆఫీసోళ్లు వీడియోల మాట్లాడతరట. వైఫై కలుస్తలేదు!"

ముందురోజు ఫోన్ రిపేరుకిస్తే, లోపలున్నదంతా చెరిపేసి ఇచ్చారట. మా సందులో సిగ్నల్ అంతంతమాత్రం. మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"ఎర్రగడ్డల ఉన్న మేడం, సాయంత్రం వస్త. మీరైతే అందుల చెయ్యి పెట్టకున్రి, మొత్తం బందైతది," అన్నాడు.

సాయంత్రం దాకా ఇంటర్వ్యూ ఆగుతుందా? కళ్లజోడు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రౌటర్ జాబితాలో ఆ పిల్ల పేరు ఉంది. పక్కనున్న చిరునామాను ఫోన్‌లో చూపించేదానితో పోల్చాను. కలవలేదు. ఫోన్‌లో మా వైఫై పేరు మీద నొక్కి ఒక్కొక్క వరుసా చదువుకుంటూ పోయాను. 'ప్రైవసీ' అన్నచోట రెండు దారులు కనిపించాయి. ఒకటి ఫోన్ అసలు చిరునామా, ఇంకొకటి ఫోన్ తనంతట తాను కల్పించుకునేది. రెండోదాని మీద టిక్కు ఉంది. అప్పుడు అర్థమైంది. మెకానిక్ ఎక్కించింది కల్పించిన చిరునామా. ఫోన్‌ను చెరిపేసరికి అది పోయి, ఇంకొకటి పుట్టింది. రౌటర్‌కు ఈ ఫోన్ ఎవరిదో తెలియడం లేదు.

అసలు చిరునామాకు మార్చి, దాన్నే జాబితాలో ఎక్కించాను. ఒక్కొక్క అక్షరం రెండుసార్లు సరిచూసుకున్నాను. పదీ నలభైకి వైఫై కలిసింది.

"అంటే ఫోన్ అబద్ధం చెప్తదా ఆంటీ?" అంది ఆ పిల్ల, సంతోషం పట్టలేక.

"అబద్ధం ఏంటమ్మా! మెట్రో స్టేషన్‌లో ముక్కూమొహం తెలియనివాడు అడిగితే నీ ఇంటి అడ్రసు చెబుతావా? బయట అలాగే ఉండనీ. మన హాస్టల్‌కు మాత్రం అసలుది ఇద్దాం. పో, తల దువ్వుకో."

ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆ పిల్ల గది ముందు కుర్చీ వేసుకుని, అటు ఎవరినీ రానివ్వలేదు. పది రోజులకు ఉద్యోగం వచ్చింది. అది ఆ పిల్ల చదువు గొప్ప, నాది కాదు.

మెకానిక్ సాయంత్రం వచ్చి జాబితా చూశాడు.

"ఎవరు చేసిన్రు మేడం?"

"నేనేనండీ."

"మస్తు చేసిన్రు. నేనైతే ఎవరి ఫోన్ చెరిపినా కొత్త చిరునామా మళ్ల ఎక్కిస్తున్న," అని నవ్వాడు.

ఆ వారంలోనే పిల్లలందరినీ పిలిచి, ఒక్కొక్క ఫోన్ సరిచేశాను. ఇప్పుడు కొత్త పిల్ల చేరితే, తను ఫారం నింపేలోపు నేనే వైఫై కలిపి ఇస్తాను. ఈ సంగతి ఎవరికైనా చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుంది. పెరగనీ.